గీత పక్కన నిలబడే పని

నన్ను పనిలోంచి తీసేసిన రాష్ట్రాలు చెప్పమంటే గోవాతో మొదలుపెడతాను. తర్వాత కేరళ, ఆ తర్వాత ఒడిశా. మణిపూర్‌లో మాత్రం నేనే మానేశాను. ఇవన్నీ చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. ప్రతిచోటా గొడవ ఒక్కటే. జట్టులో ఎవరు ఆడాలో కోచ్‌గా నేను చెబుతానన్నాను, వాళ్లు తాము చెబుతామన్నారు.

విశాఖ తీరంలో చేపలు పట్టేవాళ్ల ఇంట్లో పుట్టాను. అన్నయ్యలతో ఇసుకలో బంతి తన్ని తన్ని, చివరికి రాష్ట్రం ఆడవాళ్ల ఫుట్‌బాల్ జట్టులో మిడ్‌ఫీల్డర్‌నయ్యాను. మైదానం నడిమధ్య ఆడే చోటది. వెనకవాళ్ల దగ్గర బంతి అందుకుని ముందువాళ్లకి చేర్చాలి, పోయిన బంతిని మళ్లీ లాక్కోవాలి. గోలు కొట్టినవాళ్లని అందరూ భుజాలకెత్తుకుంటారు. మనం అప్పటికి వంగి మోకాళ్లు పట్టుకుని ఊపిరి పీల్చుకుంటూ ఉంటాం. అయినా నాకు ఆ చోటే ఇష్టం, అక్కణ్ణుంచి ఆటంతా కనబడుతుంది. మోకాలు చెడి ఆట ఆగిపోయాక కోచ్‌గా నిలదొక్కుకోవడానికి ఆ చూపే పనికొచ్చింది.

రేవులో చేపలమ్మే మా అమ్మకి నా తిరుగుడు అర్థమయ్యేది కాదు. ఒడిశా నుంచి పెట్టె సర్దుకుని వచ్చినప్పుడు అడిగింది.

"ఆళ్లు సెప్పినోళ్లనే ఆడిత్తే నీకేటి పోయింది?"

చెడిపోయిన చేపని మంచిదని అమ్మమంటే నువ్వు అమ్ముతావా అన్నాను. బేరాన్ని బట్టుంటాదంది.

పోయినేడాది అచ్యుతాపురంలో ఒక మందుల కంపెనీ తన మగవాళ్ల జట్టుకి నన్ను కోచ్‌గా పెట్టుకుంది. అన్ని రాష్ట్రాలు తిరిగానని ఆఫీసరు ముచ్చటపడ్డాడు గానీ, జట్టుకి మింగుడుపడలేదు. మొదటిరోజే కెప్టెన్ పక్కవాడితో, నాకు వినబడేలాగే, "ఆడమనిసి మనకేటి సెప్తాది బావా" అన్నాడు. పరిగెట్టమని చెబుతాను, మొదలుపెట్టు అని విజిల్ ఊదాను.

మిగతావాళ్లు మెల్లగా దారిలోకొచ్చారు. నైట్ షిఫ్టు దిగి, కళ్లు ఎర్రగా ఉన్నా ప్రాక్టీసుకి వచ్చేవారు. కెప్టెన్ మాత్రం తోచినప్పుడు వచ్చేవాడు. గోల్స్ కొట్టడంలో అతనంతటివాడు జట్టులో లేడు, ఆ సంగతి అతనికీ తెలుసు. కంపెనీల పోటీల్లో సెమీఫైనల్‌కి ముందు వారమంతా కనబడలేదు. ఆ ఆటకి అతన్ని పక్కన పెట్టాను.

ఆఫీసరు పిలిపించాడు. పెద్దసార్లు ఆట చూడ్డానికి వస్తున్నారు, కెప్టెన్ లేకపోతే బాగోదని ముందు నెమ్మదిగా, తర్వాత గొంతు పెంచి చెప్పాడు.

"జట్టు కట్టడానికే కదా సార్ నన్ను తెచ్చారు. ఎవరాడాలో మీరే సెప్తే, రేపు మైదానం గీత పక్కన మీరే నిలబడండి" అన్నాను.

మర్నాడు నేనే నిలబడ్డాను. ఒక్క గోలు తేడాతో ఓడిపోయాం. కెప్టెన్‌ని ఆటలోకి దింపమని జనం అరుస్తూనే ఉన్నారు. అతను షెడ్డు కింద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. భయం వెయ్యలేదని అబద్ధం చెప్పను. అయినా అటు తిరగలేదు. రేపట్నుంచి రావద్దని సాయంత్రానికి ఫోనొచ్చింది.

ఆ వారంలోనే కెప్టెన్ మా ఇంటికొచ్చాడు. అమ్మ వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. అతను కూర్చోకుండానే, "మీ వల్ల ఓడిపోనాం మేడం" అన్నాడు.

"ఓడిపోనాం. మిగతావోళ్లు డూటీ దిగి నిద్ర మానుకుని వచ్చారు, నువ్వు రాలేదు. ఆళ్లని పక్కన కూకోబెట్టి నిన్నెలాగ ఆడిస్తాను?"

అతను వంగి అమ్మ పక్కనున్న ఒక చేపని తిరగేశాడు. తర్వాత ప్రాక్టీసు ఎక్కడని అడిగాడు. నన్ను తీసేశారుగా అన్నాను.

"ఆళ్లు తీసీసారు. మేం తియ్యలేదు."

కంపెనీ మైదానంలోకి నన్ను రానివ్వరు. అందుకని రోడ్డుకవతల ఇళ్లు కట్టని లేఅవుట్‌లో ముళ్లకంపలు పీకి చదును చేసుకున్నాం. కెప్టెన్ చేతులు గీసుకుపోయినా ఏమీ అనలేదు. గోల్‌కీపర్ ఒక్కడు ఉద్యోగం పోతుందని రాలేదు. ఇంట్లో చంటిపిల్లలున్నవాడు, తప్పుపట్టను. గాజువాకలో కుట్టించుకున్న చొక్కాలతో, ఏ కంపెనీ పేరూ లేకుండా ఇప్పుడు ఊళ్లో పోటీలు ఆడుతున్నాం. గెలుపులకన్నా ఓటములే ఎక్కువ. కానీ ప్రాక్టీసుకి రాకుండా ఆడినవాడు ఒక్కడూ లేడు.

పోయిన నెల ఆఫీసరు ఫోన్ చేశాడు. చొక్కాల మీద మళ్లీ కంపెనీ పేరుంటే బాగుంటుందని పెద్దసార్లు అనుకుంటున్నారట. వేసుకుంటాం, మరి జట్టుని ఎవరు కడతారని అడిగాను. కనుక్కుని చెబుతానన్నాడు. ఇంకా కనుక్కుంటూనే ఉన్నట్టున్నాడు. ఆదివారం మాకు ఆట ఉంది, ఆ ఉత్తి చొక్కాలతోనే దిగుతాం.