ముప్పయ్యో రోజు చార్టు

దయ్యాలూ గియ్యాలూ అంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్ళు మంట. బోటనీలో పీహెచ్‌డీ చేసినదాన్ని. ఇలాంటి సంగతి ఎవరైనా చెబితే మొదట నవ్వేది నేనే. ఇది చదివి మీరు నవ్వినా నేనేం అనుకోను.

నాకు ముప్పై ఆరేళ్ళు. తార్నాక పక్కన యూనివర్సిటీ క్యాంపస్‌లోనే చదువుకున్నాను. ఆ తర్వాత ప్రైవేటు డిగ్రీ కాలేజీల్లో గెస్టు లెక్చరర్‌గా ఏళ్ళకేళ్ళు ఈడ్చాను. రేపు నోటిఫికేషన్, ఎల్లుండి నోటిఫికేషన్ అంటూ వయసంతా గడిచిపోయింది.

ఒక్కసారి మాత్రం నిజంగానే వచ్చింది. ఎనిమిదేళ్ళ కిందటి మాట. వేరే ఊళ్ళో ఒక యూనివర్సిటీ, పేరు అనవసరం. ఇంటర్వ్యూలో నా నంబరు ఏడు. అడిగినవాటన్నిటికీ జవాబు చెప్పాను. ఉద్యోగం రాలేదు. కొన్నాళ్ళకి అక్కడి గుమాస్తా ఒకాయన జాలిపడి ఒక జిరాక్సు కాగితం చూపించాడు. సెలెక్ట్ అయినవాళ్ళ లిస్టులో మూడో పేరు నాదే. దాని మీద పెన్నుతో ఒక గీత, స్కేలు పెట్టి గీసినంత తిన్నగా. పైన ఇంకెవరి పేరో రాసి ఉంది.

ప్యానెల్లో అయిదుగురు. కొట్టేసింది ఎవరో తెలీదు. తెలిస్తే ఏం చేసేదాన్నో కూడా తెలీదు. కానీ తెలుసుకోకుండా చావకూడదని మాత్రం అనిపించేది.

చివరికి లెక్చరర్ ఉద్యోగానికో దండం అనుకుని, జర్మనీలో నర్సింగ్ శిక్షణకి వెళ్దామని తార్నాకలో భాష క్లాసులో చేరాను. క్లాసులో నాకంటే పెద్దవాళ్ళు లేరు. అందరూ అక్కా అని పిలిచేవారు. మా అమ్మ ఫోన్లో ఏడ్చినంత పని చేసింది.

"గింత సదివి ఆఖరికి మంది పియ్యి మూత్రాలు ఎత్తుతవా బిడ్డా?" అంది.

"ఎత్తుతనే అమ్మా. గాడ ఉద్యోగమన్న ఇస్తరు," అన్నాను.

అక్కడి స్కూలుకి దరఖాస్తుతో పాటు ముప్పై రోజులు రోగికి సేవ చేసినట్టు చార్టు పంపాలి. రోగి ఇంటివాళ్ళ సంతకం ఉండాలి. ఆ ఏర్పాటు చేసింది బౌద్ధనగర్‌లో ఉండే సువార్తమ్మ సిస్టర్. రిటైర్డ్ హెడ్ నర్స్. మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకి మనుషుల్ని పంపిస్తూ ఉంటుంది. మొదటి రోజే నా చేతిలో చార్టు పెట్టి పాఠం చెప్పింది.

"చేసింది చేసినట్టు టైముతో సహా రాయి. పేషెంటు ఏదన్నా అంటే ఆ మాటే రాయి, నీ కవిత్వం వద్దు. తప్పు రాశావా, ఒకే ఒక్క గీత కొట్టి పక్కన సంతకం పెట్టు. కింద రాసింది కనపడాలి. వైట్‌నర్ పూశావంటే మాత్రం చెయ్యి విరగ్గొడతా."

నన్ను పంపింది తార్నాకలో ఒక రిటైర్డ్ ప్రొఫెసర్ ఇంటికి. పక్షవాతం. కుడి పక్క పడిపోయింది. రెండేళ్ళుగా మాట లేదు. నీళ్ళు కూడా చెంచాతో తప్ప మింగలేడు. కూతురు బ్యాంకులో పని చేస్తుంది. మధ్యాహ్నం రెండింటికి పనమ్మాయి తాళం వేసుకుని వెళ్ళిపోతుంది, నేను నా తాళంచెవితో తీసుకుని లోపలికి వెళ్తాను. అయిదున్నరకి కూతురు వచ్చేదాకా నాదే డ్యూటీ.

విద్యానగర్‌లో నా గది. అక్కడి నుంచి క్యాంపస్ మధ్యలోంచి నడుస్తూ, జర్మన్ మాటలు గొణుక్కుంటూ వెళ్ళేదాన్ని. ఒకప్పుడు ఇదే రోడ్డు మీద మొక్కల శాస్త్రీయ నామాలు గొణుక్కునేదాన్ని.

రెండో రోజు గోడ మీద ఫోటో చూశాను. సూటు వేసుకుని, శాలువా కప్పించుకుంటున్న ఫోటో. మంచంలో ఉన్న మనిషిని గుర్తుపట్టలేదు గాని ఫోటోలో మనిషిని పట్టాను. ఆ అయిదుగురిలో మధ్య కుర్చీ ఈయనదే.

మానేద్దామనుకున్నాను. ముప్పై రోజుల చార్టు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. ఆ ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పలేదు. సువార్తమ్మకీ చెప్పలేదు. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. అయిదో రోజు ఆయన కళ్ళతో నీళ్ళ వైపు చూపిస్తుంటే, తెలిసి తెలిసి పది నిమిషాలు కూర్చున్నాను. తర్వాత ఇచ్చాను. చార్టులో మాత్రం ఇచ్చిన టైమే రాశాను. ఆ ఒక్క రోజే. ఆ తర్వాత ఆయనకి ఏ లోటూ చేయలేదు, ప్రేమతో కాదు గాని.

ఇక ముప్పయ్యో రోజు. ఎప్పటిలాగే రెండింటికి తాళం తీసుకుని వెళ్ళాను. ఆయన మంచం మీద ఉన్నాడు. రెండూ పదికి బీపీ చూశాను, నూట పద్దెనిమిది, డెబ్బై నాలుగు. రెండున్నరకి ఒళ్ళు తుడిచాను. మూడింటికి ఎడమ పక్కకి తిప్పి వీపు వెనక దిండు పెట్టాను. అన్నీ ఎప్పటికప్పుడు రాశాను.

మూడూ ఇరవైకి ఆయన మాట్లాడాడు. ముద్దగా కాదు, క్లాసులో చెప్పినంత స్పష్టంగా.

"ఏడో నంబరు నువ్వే కదమ్మా. బాగా చెప్పావు ఆ రోజు. నీ పేరు కొట్టేసింది నేనే. కాసిని మంచినీళ్ళిస్తావా?"

"ఎందుకు సార్?" అన్నాను. ఎనిమిదేళ్ళుగా దాచుకున్న తిట్లన్నీ ఏమైపోయాయో, నోట్లోంచి వచ్చింది ఈ రెండు మాటలే. ఆయన గ్లాసు వైపు చూశాడు. క్షమించమని అడగలేదు, నీళ్ళడిగాడు. ఒళ్ళంతా మండిపోయింది. అయినా ఇచ్చాను. చెంచా లేకుండా గ్లాసుడూ తాగాడు.

కుర్చీలో కూర్చుని, నీళ్ళిచ్చిన టైము వేసి, ఆయన అన్నది అన్నట్టు తెలుగులోనే రాశాను. నా చెయ్యి ఎంత వణికిందంటే అక్షరాలు గీతలు దాటి పోయాయి.

రాయడం అయ్యిందో లేదో ఫోన్ మోగింది. ఆయన కూతురు.

"ఏమనుకోకమ్మా, హడావిడిలో నీకు చెప్పడం మర్చిపోయాను. పొద్దున్నే నాన్నగారికి ఆయాసం వస్తే ఆసుపత్రికి తీసుకొచ్చాం. పదకొండున్నరకి పోయారు. నువ్వు ఇంటికేమీ వెళ్ళలేదు కదా?"

తలెత్తి చూశాను. మంచం ఖాళీ. దుప్పటి మడత పెట్టి ఉంది. వీపు ఆనే చోట, నేను పెట్టిన దిండు పెట్టినట్టే ఉంది. గ్లాసు ఖాళీ. ఒళ్ళు తుడిచిన తువ్వాలు తడి. బీపీ మెషిన్ మెమరీ నొక్కి చూస్తే రెండూ పదికి అవే అంకెలు. తాళం వేసి ఎలా మెట్లు దిగానో గుర్తు లేదు. క్యాంపస్‌లో ఒక సిమెంటు బెంచీ మీద చీకటి పడేదాకా కూర్చున్నాను.

పెద్దకర్మ అయ్యాక చార్టు మీద సంతకం కోసం వెళ్ళాను. దరఖాస్తుకి అదే ఆఖరి వారం. సువార్తమ్మ కూడా వచ్చింది. కూతురు చివరి పేజీ చదివి చార్టు బల్ల మీద పడేసింది.

"చచ్చిపోయిన మనిషికి నీళ్ళు తాగించానని రాస్తావా? రోజులు పూర్తి చేసుకోవడానికి ఇంత అన్యాయమా? పైగా మా నాన్నగారి మీద నిందొకటి!" అంది. నాకు ఆవిడ మీద కోపం రాలేదు.

బీపీ అంకెల సంగతి చెబితే సువార్తమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది.

"పట్టీ నీ చేతికే కట్టుకుని ఉంటావులే తల్లీ. అలిసిపోయి ఉన్నావు. ఆ పేజీ కొట్టేసి తప్పుగా రాశానని సంతకం పెట్టు. అమ్మాయిగారు మిగతా ఇరవై తొమ్మిదీ సంతకం పెడతారు. ఒక్క రోజు ఇంకో ఇంట్లో చేయిస్తాను."

ఎనిమిదేళ్ళు ఎదురు చూసిన జవాబు ఆ పేజీలో ఉంది. అది తప్పని నేనే సంతకం పెడితే జర్మనీ. పెట్టకపోతే మళ్ళీ గెస్టు లెక్చరర్. ఎంతసేపు ఆలోచించానంటారా? పెన్ను మూత తీసినంత సేపు.

ఆ ఒక్క రోజూ బౌద్ధనగర్‌లో ఒక ముసలావిడ దగ్గర చేశాను. స్కూలువాళ్ళు చార్టు ఒప్పుకున్నారు. వీసా వచ్చింది. వచ్చే నెల ప్రయాణం.

నా నంబరు ఏడని ఆ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కలగన్నానంటే సరే, కలే అనుకుందాం. మరి తువ్వాలు ఎవరు తడిపారు? నేనే తడిపి, నీళ్ళు నేనే తాగి, నేనే బీపీ చూసుకుని, ఆయన మాటలు కూడా నేనే అనుకున్నానా? ఎన్నిసార్లు ఆలోచించినా ఎక్కడో ఒకచోట లెక్క తప్పుతోంది.

ఇంకొకటి కూడా నాకు అంతుపట్టలేదు. ఆ మాటలు రాసేటప్పుడు అంతగా వణికిన చెయ్యి, కొట్టేసేటప్పుడు వణకలేదు. స్కేలు పెట్టుకోలేదు. అయినా గీత తిన్నగా వచ్చింది, ఆ జిరాక్సు కాగితంలో నా పేరు మీద ఉన్నట్టే.