మామిడి మొక్కలకు తలస్నానం

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. కొలువులో చేరి మూడు నెలలైంది మరి. వ్యవసాయ డిప్లొమా పూర్తి చేసి, చేవెళ్లలో ఒక ఎరువుల దుకాణంలో రైతులకు సలహాలు చెప్పే పనిలో కుదిరాను. తాత వయసు వాళ్లు తెగులు పట్టిన ఆకు తెచ్చి కౌంటర్ మీద పెడితే, కళ్లద్దాలు సర్దుకొని (చూపు బాగానే ఉండేది, అద్దాలు గౌరవం కోసం) మందు పేరు చెప్పేదాన్ని. వెంటనే, పంపు మూడుసార్లు కడిగి కొట్టమని ఒక హెచ్చరిక. నిద్రలో లేపి అడిగినా ఆ మాట తప్పకుండా చెప్పేదాన్ని.

మాది చేవెళ్ల దగ్గరి హిమాయత్‌నగర్ ఊరు, పట్నంలోది కాదు. మా పొలం అప్పటికే అమ్ముడుపోయి ప్లాట్లయింది. ఇంటి వెనక కాస్త జాగాలో బాపు (నాన్నను మేం అలాగే పిలుస్తాం) నాలుగు మామిడి అంట్లు పెట్టుకున్నాడు. రెండేళ్ల మొక్కలు. పొద్దున లేవగానే చాయ్ గ్లాసు పట్టుకొని, "చేను దాక పోయొస్త" అని చెప్పి ఆ పది అడుగులూ నడిచేవాడు. మేం నవ్వేవాళ్లం గానీ, ఆయనకు మిగిలిన సేద్యం అదేనని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ చలికాలం లేత ఆకుల మీద పిండి చల్లినట్టు తెల్లగా లేచింది. బూడిద తెగులు. బాపు నా దగ్గరికొచ్చి, దుకాణానికొచ్చే రైతుల్లాగే వినయంగా, ఏం చేద్దామని అడిగాడు. నా జన్మ ధన్యమైంది. గంధకం పొడి నేను తెస్తానన్నాను. మందు కొట్టే పంపును ఆదివారం పొద్దున్నే షేర్ ఆటోలో వేసి పంపుతానని ఆలూరులో ఉండే మేనమామ చెప్పాడు.

ఆదివారం నేను తీరిగ్గా లేచేసరికి పంపు వాకిట్లో ఉంది. మందు కలిపి, భుజాన వేసుకొని, బాపు చూస్తుండగా నాలుగు మొక్కలూ తడిసేలా కొట్టాను. బాపు అలా బజారుకు వెళ్లాడో లేదో మామ ఫోన్ చేశాడు. "కోడలా, పంపు కడిగినవా? నిన్న మక్కచేన్ల గడ్డిమందు కొట్టిన. కడుగుడు యాది మరిచిన."

గడ్డిని చంపే ఆ మందు తగిలితే లేత మొక్క ఏమవుతుందో రోజూ పదిమందికి చెప్పేది నేనే. (కడగలేదు. మూడుసార్లు కాదు కదా, ఒక్కసారి కూడా.) బకెట్ నింపుకొని ఒక్కో ఆకూ కడగడం మొదలుపెట్టాను. తిరిగొచ్చిన బాపు ఇదేందని అడిగితే, మందు కొట్టాక ఆకులు కడగడం కొత్త పద్ధతి అని చెప్పాను. ఆయన వెంటనే ఇంకో బకెట్ తెచ్చుకున్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. బాపు వెళ్లి చుట్టుపక్కలంతా చెప్పొచ్చాడు. సాయంత్రానికి మా గల్లీలో జామచెట్టున్నవాళ్లు, నిమ్మచెట్టున్నవాళ్లు అందరూ చెట్లకు తలస్నానం చేయిస్తున్నారు.

తర్వాతి పది రోజులు నాకు అన్నం సహించలేదు. లేవగానే వెళ్లి ఆకులు మాడాయేమోనని చూసేదాన్ని. మాడలేదు గానీ బూడిద ఎక్కువైంది, కొట్టిన మందంతా కడిగేశాను కదా. మళ్లీ కొట్టడానికి ధైర్యం చాల్లేదు. ఒక పొద్దున బాపు ముడుచుకుపోయిన చిగురొకటి తుంచుకొచ్చి నా చేతిలో పెట్టాడు. "ఇవి గూడ పోతయా, బిడ్డా?" అన్నాడు. నేను అక్కడే కూలబడి, ఏడుస్తూ జరిగిందంతా చెప్పేశాను.

బాపు నా చేతిలోని చిగురు తీసి పక్కన పడేశాడు. "ఆటోల నుంచి దించంగనే మూడుసార్లు కడిగిన. ముప్పయ్యేండ్లు సేద్యం చేసినోన్ని, ఇంకొకల పంపు కడగకుంట వాకిట్ల పెడ్తనా? జర నన్ను అడగకపోతివి."

ఏడుస్తూనే నవ్వాను. పది రోజులుగా గుండె మీదున్న బరువు ఒక్కసారిగా దిగిపోయింది. ఆ సాయంత్రమే మళ్లీ మందు కలిపాం. ఈసారి పంపు బాపు భుజాన వేసుకున్నాడు. ఆకుల అడుగు కూడా తడవాలని నేను పక్క నుంచి చెబుతుంటే, తనకు తెలియనట్టే తలాడించాడు. కొన్నాళ్లకు ఎర్రటి చిగుళ్లు శుభ్రంగా వచ్చాయి.

కొత్త పద్ధతి ఉత్తదేనని గల్లీలో చెప్పొస్తానంటే బాపు ఒప్పుకోలేదు. "మా బిడ్డకు తెల్వదని నేనెట్ల చెప్పనిస్త?" అన్నాడు. ఆ మూడు నెలల పండితురాలిని తలచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. పంపు కడిగావా బాపూ అని ఒక్క మాట అడగడానికి ఆమెకు ఎంత నామోషీ! ఇప్పుడు నేను ప్రతిదీ ఆయన్ని అడుగుతున్నాను. ఒక్కోసారి తెలిసినవి కూడా.