కాగితం ఇస్తే రాసేదాన్ని

జరిగిన అన్యాయాలను జరిగిన వరుసలోనే రాస్తున్నాను.

నాలుగేళ్ళ క్రితం, ఆగస్టు: మా బడి ఆటస్థలాన్ని తవ్వి కంకర అమ్ముకుంటున్న స్థానిక నాయకుడి మీద కలెక్టరుకు ఫిర్యాదు చేశాను. సంతకం నాది. అతని మనుషులు విరగ్గొట్టింది మావారి కాలు. పోలీసులు కేసు నమోదు చేయలేదు.

నిరుడు ఏప్రిల్: ఇక్కడి ఇమ్మిగ్రేషన్ కోర్టులో, ఈ దేశంలో ఆశ్రయం కోరుతూ నేను పెట్టుకున్న అసైలం కేసు విచారణ. నేను కాగితం అడిగితే ఇవ్వలేదు. పక్కనే కూర్చున్న మావారి సాక్ష్యాన్ని, సమయం మించిపోయిందని, వినలేదు.

నిరుడు మే: నా మాట నమ్మదగినది కాదని తిరస్కారం.

నిరుడు డిసెంబరు: అప్పీల్ బోర్డు అదే తీర్పును ఖాయం చేసింది. కారణాలు రాయలేదు.

మొదటిదానికి జవాబు చెప్పవలసినవారు మా జిల్లాలో ఉన్నారు. మిగిలిన మూడూ నేను న్యాయం అడగడానికి వెళ్ళిన చోటనే జరిగాయి. మేమిద్దరం ఇక్కడ హెర్న్‌డన్ అనే ఊళ్ళో మా చెల్లెలి కూతురి ఇంట్లో ఉంటున్నాం. ఇప్పుడు కేసు ఫెడరల్ అప్పీల్ కోర్టులో ఉంది. అక్కడ కూడా ఓడిపోతే ఇద్దరినీ వెనక్కి పంపుతారు. ఆ నాయకుడు ఈ మధ్య ఇంకా పెద్ద పదవిలోకి వచ్చాడు. మావారికి ఇక మిగిలింది ఒక్క మంచి కాలు.

విచారణ గదిలో నేను బెదరలేదు. ఉద్యోగమంతా లెక్కల టీచరుగా చేసినదాన్ని. ప్రశ్న అడిగితే వరుసగా జవాబు చెప్పడం నాకు కొత్త కాదు. దుబాసీ ఫోన్‌లో ఉన్నాడు. ఫిర్యాదు ఎప్పుడు ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు, రసీదు ఏదీ అని అడిగారు. అన్నీ చెప్పాను. ఆ సాయంత్రం మావారిని కాలువ గట్టున పడేసి వెళ్ళారని, నేను వెళ్ళేసరికి ఎముక బయటికి కనిపిస్తోందని చెప్పాను. ఆ మాట ముగియగానే ప్రభుత్వ లాయరు, ఆ మనిషి పేరేమిటి, మీ భర్త పేరు చెప్పండి అన్నాడు.

నాకు నోరు పెగల్లేదు.

పెళ్ళయిన నాటి నుంచి ఆ పేరు నేను పలకలేదు. రాయడానికి ఏ అభ్యంతరమూ లేదు. రేషన్ కార్డు నుంచి అసైలం దరఖాస్తు దాకా నా చేత్తోనే రాశాను. పలకడమే లేదు. ఒక ఏడాది నా ఎనిమిదో తరగతిలో అదే పేరున్న పిల్లవాడు చేరాడు. హాజరు పిలిచేటప్పుడు వాడొక్కడినే నంబరుతో పిలిస్తే అందరికీ తెలిసిపోతుందని తరగతి మొత్తాన్ని నంబర్లతో పిలిచాను. హెడ్మాస్టరు దాన్ని క్రమశిక్షణ అనుకుని మిగతా టీచర్లకు కూడా చెప్పాడు.

భర్త పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని మా అత్తగారు అనేవారు. నేను నమ్మలేదు. అలవాటు కొద్దీ పాటించాను, అంతే. కానీ ఆ కాలువ గట్టు దగ్గరి నుంచి, నమ్మలేదని చెప్పే ధీమా నాకు పోయింది. ఆయన రక్తం గురించి చెప్పిన నోటితో ఆ వెంటనే ఆ పేరు పలకమంటే నా వల్ల కాలేదు.

రెండోసారి అడిగారు. మూడోసారి జడ్జిగారే అడిగారు.

"కాగితం ఇవ్వండి, రాస్తాను," అన్నాను.

దుబాసీ ఆ మాటను ఇంగ్లీషులో చెప్పాడు. జడ్జిగారు ఏదో అన్నారు.

"నోటితోనే చెప్పాలటమ్మా," అన్నాడు దుబాసీ, గొంతు బాగా తగ్గించి.

నేనెందుకు చెప్పలేకపోతున్నానో అతనికి తెలిసే ఉంటుంది. అతనింట్లోనూ ఒక నాయనమ్మ ఉండి ఉంటుంది. కానీ విన్నదాన్ని భాష మార్చి చెప్పడమే అతని పని, తెలిసినదాన్ని కలపకూడదు. అతని మీద నాకు ఫిర్యాదు లేదు. ఎందుకు అని అడిగే అధికారం ఉండి కూడా అడగనివారి మీదే నా ఫిర్యాదు. భర్త పేరే చెప్పలేకపోయిందని రాసి, మే నెల తీర్పులో నా మాటంతా నమ్మదగనిదన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు కార్‌లో కారణం చెబితే మా అమ్మాయి, అదే మా చెల్లెలి కూతురు, నెత్తి కొట్టుకుంది. "ప్రిపరేషన్‌లో అన్నీ కవర్ చేశాం పెద్దమ్మా. పెదనాన్న పేరు ప్రాక్టీస్ చేయించాలని ఎవరికి తడుతుంది?" ఆమె తన భర్తను పేరు పెట్టి పిలుస్తుంది, కోపం వస్తే అందులో సగమే పిలుస్తుంది. వెనక సీట్లోంచి మావారు, "ఒక్కసారి పిలిచి ఉంటే నేను పలికేవాణ్ణిగా టీచరమ్మా," అన్నారు.

ఫెడరల్ కోర్టులో వాదన ఖాయం కాగానే, ఈసారి చెప్పి తీరాలని నిశ్చయించుకున్నాను. వంటింట్లో కుళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో అభ్యాసం చేశాను. మూడో రోజుకు మొదటి అక్షరం వచ్చింది. చేతికర్ర చప్పుడు చేసుకుంటూ మావారు గుమ్మంలోకి వచ్చారు.

"పిలిచావా?"

"లేదు. మీ పని మీరు చూసుకోండి."

ఆ వారమే మా లాయరు అసలు సంగతి చెప్పింది. పై కోర్టు సాక్షులను పిలవదు. కొత్త కాగితాలు తీసుకోదు. కింది కోర్టులో రికార్డయిన మాటలనే ముగ్గురు న్యాయమూర్తులు చదువుతారు. మాట్లాడేది లాయర్లు మాత్రమే. అంటే, నేను చెప్పడానికి సిద్ధపడేసరికి అడిగేవారు లేరు.

అయినా వెళ్ళాం. మేం వెనక బల్ల మీద కూర్చున్నాం. దరఖాస్తులో ఆ పేరు నా చేతిరాతలోనే ఉందని, కాగితం అడిగిన మాట కూడా రికార్డులోనే ఉందని మా లాయరు చూపించింది. మధ్యలో కూర్చున్న న్యాయమూర్తి ప్రభుత్వ లాయరును ఒక ప్రశ్న అడిగారు. మా అమ్మాయి నా చెవి దగ్గర తెలుగులో చెప్పింది: "ఆవిడ పేపర్ అడిగాక, ఎందుకని ఎవరైనా అడిగారా అంటున్నారు." ఆ లాయరు పేజీలు తిప్పాడు. రికార్డులో అలాంటి ప్రశ్న కనిపించడం లేదని ఒప్పుకున్నాడు.

ఆ రోజు నుంచి నాకు ధైర్యంగా ఉంది. నేను అబద్ధం చెప్పలేదు. చెప్పానని చూపే వాక్యం ఆ రికార్డులో ఒక్కటీ లేదు. తీర్పు ఇంకా రాలేదు. ఇలాంటి కేసులను ఒక్కోసారి కారణాలు లేకుండా ఒకే వాక్యంలో కొట్టివేస్తారని లాయరు ముందే హెచ్చరించింది. స్టెప్పులు చూపకుండా జవాబు మాత్రం రాసిన పేపరుకు నేను ఏనాడూ మార్కులు వేయలేదు. కోర్టుకు నేరుగా ఉత్తరం రాయకూడదట. కనుక ఇక్కడ రాస్తున్నాను.

గౌరవనీయులైన న్యాయమూర్తులకు: భర్త పేరు పలకలేని భార్య, ఆ పేరు రాసి ఇస్తానన్నప్పుడు, ఆమె మౌనాన్ని కింది కోర్టువారు ఏ కారణం చేత అబద్ధంగా లెక్కించారో, కాగితం ఏ నియమం ప్రకారం నిరాకరించారో, మమ్మల్ని ఉంచినా పంపినా సరే, కారణాలతో సహా లిఖితపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. నోటి జవాబు నాకు సమ్మతం కాదు.