కొట్టు మూతపడ్డాక

నౌపడ ఉప్పుమడుల్లో లీలారాణి ఇరవై రెండేళ్లుగా ఉప్పు తట్టలు మోసింది. భర్త సత్యరాజు అక్కడే మడిలో నిలబడి ఉప్పు లాగేవాడు. పొద్దువాలేసరికి అరికాళ్ల పగుళ్లు కారం రాసినట్టు మండేవి. ఆ మంటకు మందు బెల్టుషాపులో దొరికేది.

తాగి తాగి మరిది థామస్ పోయాక లీలారాణి ఊరుకోలేదు. చర్చి ఆడవాళ్లను పోగేసి షాపు ముందు కూర్చుంది. పదకొండు రోజులు కదల్లేదు. పన్నెండో రోజు షాపు మూతపడింది. అధికారులొచ్చి ఆమెకు శాలువా కప్పారు. పాస్టరుగారు ఆదివారం సంఘం ముందు నిలబెట్టి మెచ్చుకున్నారు.

నెల తిరక్కుండానే సత్యరాజు జేబులో మాత్రల అట్టలు దొరికాయి. మందుల దుకాణంలో డాక్టరు చీటీ లేకుండా ఇచ్చినవి. అవి మింగి కంచం ముందే జోగుతున్నాడు.

"ఇదేటయ్యా? మల్లీ ఇంకోటి మొదలెట్టినావా?"

అతను కోప్పడలేదు. "కొట్టు మూయించీసినావు. కాల్ల మంట మూయించగలవేటే?"

"నా కాల్లు మండవా? నానూ మింగీసి పడుంటే పొయ్యి మీద కుండ ఎవులు దించుతారు?"

అనేసింది గానీ, అతని మాట ఆమెను వదల్లేదు. మర్నాడు మేస్త్రి గోవింద్ దగ్గరికెళ్లి అందరికీ రబ్బరు బూట్లు, కాళ్లు కడుక్కోడానికి మంచినీళ్లు, నీడకో పాక అడిగింది.

"కొట్టు మీదకెల్లినట్టు మా మీదకొస్తన్నావేటమ్మా? పన్లోకి రావాలనుందా, లేదా?" అన్నాడతను.

షాపు ముందు తనతో కూర్చున్న ఆడవాళ్లను అర్జీ మీద సంతకాలడిగింది. ఒకరికి కూతురి చదువు అడ్డొచ్చింది, ఒకరికి అత్త జబ్బు. పాస్టరుగారు ప్రార్థన చేద్దామన్నారు. శాలువా కప్పిన అధికారి అది తమ శాఖ కాదన్నాడు.

లీలారాణి ఒక్కతే మడి గట్టు మీద కూర్చుంది. పనిలోకి వెళ్లేవాళ్లందరూ తల దించుకుని పోయారు. పక్కింటి షీబా మాత్రం ఆగి కాసేపు పక్కన కూర్చుంది.

"తప్పట్టుకోకు ఒదినా. ఆ కొట్టోడు మనకి కూలి ఇచ్చినోడు కాదు, అందుకని కూకున్నాం. ఈల్లు కూలి ఇస్తన్నోల్లు."

తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది.

మూడో రోజుకు మొగుడూ పెళ్లాలిద్దరినీ పన్లోకి రావద్దన్నారు. ఇప్పుడు లీలారాణి పలాస బస్సెక్కి జీడిపిక్కలు కొట్టడానికి వెళ్తోంది. జీడి రసానికి వేళ్లు పొక్కుతున్నాయి. సత్యరాజు ఇంట్లోనే ఉంటున్నాడు. మడిలోకి దిగక ఆరు నెలలైంది. కాళ్ల పగుళ్లు పూర్తిగా మానిపోయాయి. మాత్రలు మానలేదు.