రేపల్లెలో పలకని బటను

సాయంత్రం నాలుగు దాటాక రేపల్లెలోని ఇంటర్నెట్ సెంటరు నుంచి మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. "అక్కా, అంతా నింపేశా. పంపే బటనే దొరకట్లేదు," అంది. తను నింపుతున్న ఉద్యోగం దరఖాస్తు పేజీ మా ఆఫీసులో చేసిందే, దరఖాస్తులు ఐదింటికి మూసేస్తారు.

మా చెల్లెలికి పుట్టుకతోనే చూపు లేదు. డిగ్రీ చేసింది. తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్ నేర్చుకుంది. మౌసుతో దానికి పని లేదు, అంతా కీబోర్డే. బాపట్లలో ఒక ప్రైవేటు కాలేజీ వాళ్ళు ఆఫీసులో కంప్యూటర్ పనికి మనుషులు కావాలన్నారు. దరఖాస్తు వెబ్‌సైటులోనే చెయ్యాలి, ఎవరిది వాళ్ళే నింపాలి, వేరేవాళ్ళతో నింపించారని తెలిస్తే ఇంటర్వ్యూకి కూడా పిలవమని షరతు. అప్పట్లో ఇంటర్నెట్ సెంటర్లలో ఎవరి దరఖాస్తు వాళ్ళు నింపుకోవడమన్నదే లేదు. మనం పక్కన నిలబడి పేరూ ఊరూ చెబుతుంటే సెంటరాయన టకటకా కొట్టేసేవాడు. ఆ షరతు చూసి అందరూ నవ్వుకున్నారు. మా చెల్లెలు మాత్రం దాన్నే పట్టుకుని కూర్చుంది. ఈ పని తను చెయ్యగలనని నమ్మించడానికి తనకున్న దారి అదొక్కటే మరి.

తెనాలిలో మాది రెండు గదుల ఆఫీసు. ఆ పేజీకి నేను మొదట మామూలు బటనే పెట్టాను. మా సారు చూసి, "ఇదేంటమ్మా, కరెంటు బిల్లులా ఉంది," అని దాన్ని పీకేసి దీపం బొమ్మ పెట్టారు. మౌసు మీదికి తెస్తే దీపం వెలుగుతుంది, నొక్కితే దరఖాస్తు వెళుతుంది. కాలేజీ కరస్పాండెంటు గారు అది చూసి మురిసిపోయారట. అది బొమ్మే తప్ప బటను కాదని, కీబోర్డుతో ఎంత వెతికినా అక్కడికి చేరలేరని, చదివే సాఫ్ట్‌వేర్‌కి అక్కడ ఏదో ఉందన్న సంగతే తెలియదని అప్పుడే కస్సుమన్నాను. జీతమిచ్చే మనిషి దగ్గర ఎంతసేపని కస్సుమంటాం!

ఫోనులో సెంటరాయన గొంతు వినబడింది. "లెగమ్మా, నేను నొక్కేస్తా. ఒక్క క్లిక్కేగా." వెంటనే, దాని పక్కనే ఉన్న పిన్ని ఫోను లాక్కుంది. "దాని వివరాలన్నీ నీకు తెలుసు కదే. అక్కణ్ణించి నువ్వే పంపెయ్." నాకూ అదే నోటిదాకా వచ్చింది. చెల్లెలు మళ్ళీ ఫోను తీసుకుని, "వద్దక్కా. నువ్వే నింపావా అని ఇంటర్వ్యూలో అడిగితే నేను అబద్ధం చెప్పలేను. దానికన్నా మానుకుంటా," అంది. దాని మొండితనానికి ఒళ్ళు మండింది. ఆ దీపం మీద ఇంకా మండింది.

సరిగ్గా అదే సమయానికి మా సారు బాపట్లలో కరస్పాండెంటు గారి గదిలో కూర్చుని ఆ పేజీయే చూపిస్తున్నారు. దీపం పోతే నా ఉద్యోగం పోతుంది. దీపం ఉంటే మా చెల్లెలికి ఉద్యోగం రాదు.

కరెంటు కూడా లేదు, యూపీఎస్ కుయ్ కుయ్‌మంటోంది. పేజీలో మామూలు బటను మళ్ళీ పెట్టాను. ఆదేశాలు రాసే స్క్రిప్టు ఫైలు ఒకటి విడిగా పెట్టి, దీపాన్ని అందులోకి మార్చాను. పేజీ తెరుచుకున్నాక ఆ స్క్రిప్టు వచ్చి బటనుకే దీపం బొమ్మ తొడుగుతుంది. మౌసు పెట్టినా వెలుగుతుంది, కీబోర్డుతో దాని మీదికి వచ్చినా వెలుగుతుంది. స్క్రిప్టు రాకపోయినా బటను బటనులాగే పనిచేస్తుంది. చెప్పడానికి ఇంతే. ఒక్క బ్రాకెట్ తప్పితే మొత్తం ఆగిపోతుంది.

సర్వరులోకి పేజీ ముందు ఎక్కింది. స్క్రిప్టు ఇంకా ఎక్కుతుండగానే సెల్లు మోగింది. సారు గొంతు బాగా తగ్గించి, "దీపం ఏదమ్మా? కరస్పాండెంటు గారు పక్కనే ఉన్నారు!" అన్నారు.

"లైను స్లోగా ఉందండి. ఇంకోసారి తెరవండి సార్," అన్నాను. అటు నుంచి క్లిక్కు వినబడింది. తర్వాత ఎవరో పెద్దాయన, "ఆఁ, వచ్చిందండీ," అన్నారు. సారు ఫోను పెట్టేశారు.

ల్యాండ్‌లైనులో చెల్లెలు ఎదురుచూస్తోంది. "పేజీ మళ్ళీ తెరువు," అన్నాను.

"తెరిస్తే నింపిందంతా పోద్దిగా అక్కా!"

పోతుంది. వేరే దారి లేదు. తను మొదటి నుంచీ మొదలుపెట్టింది. కీబోర్డు చప్పుడు, దాని వెనకే యంత్రం గొంతు, మధ్యలో దేవుణ్ణి తలుచుకుంటున్న పిన్ని. గడియారం వైపు చూడకూడదనుకుంటూనే చూశాను. తొందరపెట్టి దాని చేతులు తడబడేలా చేస్తానేమోనని పెదవి కొరుక్కుని కూర్చున్నాను.

"సబ్మిట్ బటన్ అంటోందక్కా! బటన్ అంటోంది!"

"నొక్కు!"

ఐదు కాకముందే ఆఫీసు మెయిల్లో దాని పేరుతో దరఖాస్తు వచ్చి పడింది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

"ఏంటక్కా, ఇదేం చెప్పట్లేదు? వెళ్ళిందా? మళ్ళీ నొక్కనా?"

దరఖాస్తు అందిందన్న మాట పేజీ అడుగున ఆకుపచ్చ అక్షరాల్లో మెల్లగా తేలేలా పెట్టారు మా సారు. కళ్ళున్నవాళ్ళకు కనబడుతుంది. చదివే యంత్రానికి అది వచ్చినట్టే తెలియదు. ఆ హడావుడిలో నేను దాని జోలికే పోలేదు.

"వచ్చేసిందే పిచ్చిదానా, నా ఎదురుగానే ఉంది. ఇంక లేచి ఇంటికెళ్ళు," అన్నాను.

ఎగిరి గంతేస్తుందనుకున్నాను.

"నీకు ఫోన్ చేశాను కాబట్టి నాకు తెలిసింది. నీ నంబరు లేనివాళ్ళు ఏం చేస్తారక్కా?" అంది.

ఫోను పెట్టెయ్యొద్దని చెప్పి, ఆ ఆకుపచ్చ అక్షరాల సంగతి చూడ్డానికి ఫైలు మళ్ళీ తెరిచాను.