బావ తెచ్చిన కుక్కపిల్లలు

పశువుల డాక్టరమ్మకు విసుగొస్తే చేతులు కడుక్కోవడం అలవాటు. తోక కోయమనో, ముందుకాలి పక్కగోరు పీకమనో ఎవరొచ్చినా సబ్బు అందుకుని, "జబ్బుంటే కోస్తాను, అందానికి కోయను" అని కుళాయి వైపు తిరిగే చెబుతుంది. మొన్న సొంత అక్క మొగుడే బుట్టెడు కుక్కపిల్లలతో దిగాడు. "తోకుంటే ఎవరూ కొనరు మరదలా. కళ్ళు తెరవని కూనలు, వాటికేం తెలుస్తుంది?" అన్నాడు. "తెలీకపోతే అరుస్తాయెందుకు బావా?" అని పంపేసింది.

బావ ఊరుకోలేదు. రక్తం ఆడక వాటంతటవే రాలిపోతాయని ఇంట్లోనే తోకలకు రబ్బరు బ్యాండ్లు బిగించాడు. ఒకదాని తోక నల్లబడి వాసనేస్తుంటే ఈరోజు మళ్ళీ బుట్టతో పరుగెత్తుకొచ్చాడు. చెప్పిందంతా గోడకు చెప్పినట్టయింది. ఆమె పళ్ళు నూరుతూ మిగతా పిల్లల బ్యాండ్లు కత్తిరించి, కుళ్ళిన తోకను మత్తిచ్చి తీసేసింది. కుట్లు వేస్తుంటే బావ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, "చివరికి కోసింది నువ్వేగా! ఆ పనేదో మొన్నే చేసుంటే ఇంత గొడవ ఉండేది కాదు" అన్నాడు.

డాక్టరమ్మ సూది పక్కన పెట్టింది. "వెళ్ళి తల్లికుక్కను కూడా తీసుకురా. పాలు మానేదాకా ఇవన్నీ నా దగ్గరే ఉంటాయి."

బావ తెల్లబోయాడు. "మరి మీ అక్కకేం చెప్పను?"

"తోక ముడిచి వచ్చానని చెప్పు."