నాలుగో తరగతిలో మొట్టికాయలు

నేను రిటైరవడానికి రెండేళ్ళ ముందు, వేసవి బదిలీల్లో, జగ్గయ్యపేట నుంచి చందర్లపాడు మండలంలోని ఒక చిన్న ఊరి ప్రాథమిక పాఠశాలకు ప్రధానోపాధ్యాయురాలిగా వెళ్ళాను. జూన్‌లో బడి తెరిచిన రోజే చేరాను. నందిగామలో ఇల్లు కాబట్టి రోజూ ఆటోలో వెళ్ళివచ్చేదాన్ని. ఈ పోస్టు హోదా చెప్పుకోవడానికే పెద్దది. మండల విద్యాశాఖాధికారి అడిగిన వివరాలన్నీ పంపుతూనే చిన్న తరగతులకు పాఠాలూ చెప్పాలి. పెద్ద తరగతులు రవిబాబు అనే ఎస్జీటీ చూసేవారు. ఎస్జీటీ అంటే సెకండరీ గ్రేడ్ టీచరు, ప్రాథమిక తరగతులకు అన్ని సబ్జెక్టులూ చెప్పే ఉపాధ్యాయుడు. ఆయన సెలవు పెట్టడం తెలియని మనిషి. ఆయన పిల్లలు ఎక్కాలు గడగడా అప్పజెప్పేవారు.

పిల్లల రక్షణకు కావలసినవన్నీ మా బడిలో ఉన్నాయి. ఫిర్యాదుల పెట్టె ఉంది, హెల్ప్‌లైన్ పోస్టరు ఉంది. కాకపోతే రెండూ పిల్లలు అడుగుపెట్టని నా గదిలో, పెద్దవాళ్ళ తల ఎత్తున వేలాడుతున్నాయి. తనిఖీకి వచ్చేవాళ్ళకు కనిపిస్తే చాలనుకున్నారు కాబోలు.

దసరా సెలవులయ్యాక నాలుగో తరగతి బ్లెస్సీ బడికి రావడం మానేసింది. రాని పిల్లల ఇంటికి వెళ్ళి కారణం కనుక్కోవడం మా విధుల్లో ఒకటి. వాళ్ళమ్మ మార్తమ్మ కూలికి వెళుతుంది. నేను వెళ్ళేసరికి తల్లీకూతుళ్ళిద్దరూ చేలోంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నారు.

"పొద్దున్నే కడుపునొప్పంటదండి. బడి టైం దాటితే తగ్గిపోద్దండి," అంది మార్తమ్మ. "కొట్టి పంపలేను గదండీ. ఒక్కదాన్నే ఇంట్లో వదల్లేక పత్తి తీతకి తీసుకుపోతన్నా. పైగా తలకి నూనె రాయబోతే చెయ్యి తోసేస్తంది."

నాకు భయం వేసింది. చేలకు అలవాటుపడ్డ పిల్ల మళ్ళీ బడి మొహం చూడటం అరుదు. నా సర్వీసులో అలా జారిపోయిన పిల్లల్ని చాలామందినే చూశాను. బ్లెస్సీని పక్కన కూర్చోబెట్టుకుని తల నిమరబోతే ముడుచుకుపోయింది. జుట్టు కింద బుడిపెలు చేతికి తగిలాయి.

ఎవరు కొట్టారని అడగలేదు. అలా అడిగితే పిల్లలు ఎవరూ కొట్టలేదనే చెబుతారు. బడిలో ఏ చోటు నచ్చదని అడిగాను. "అన్నం లైను," అంది. మధ్యాహ్న భోజనానికి పళ్ళెం పట్టుకుని నిలబడితే తన తరగతిలోనే చదివే హర్షిత, ఆమె స్నేహితురాళ్ళు ఎక్కం అడుగుతారట. తప్పితే తలా ఒక మొట్టికాయ. భయానికి వచ్చిన ఎక్కం కూడా తప్పేదట.

ఇలాంటప్పుడు ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టి విచారించకూడదు. దెబ్బలు తిన్న పిల్ల ఇంకా బిగుసుకుపోతుంది. అందుకే మర్నాడు హర్షితను ఒక్కదాన్నే పిలిచాను. క్లాసు ఫస్టు వచ్చే పిల్ల. ఏడుస్తుందో బుకాయిస్తుందో అనుకున్నాను. రెండూ చేయలేదు.

"మేం కొట్టలా మేడం. తప్పు చెప్పింది గదా, మొట్టికాయేశాం. క్లాసులో సారే ఏయమంటారు," అంది, నాకు ఆమాత్రం తెలియదా అన్నట్టు.

నేను వెళ్ళి ఐదో తరగతి గదికీ నాలుగో తరగతి గదికీ మధ్య గుమ్మంలో నిలబడ్డాను. లోపల ఎక్కాలు నడుస్తున్నాయి. జవాబు చెప్పిన పిల్ల లేచి, చెప్పలేనివాళ్ళందరికీ వరసగా మొట్టికాయలు వేసుకుంటూ వచ్చింది. మనలో చాలామందికి ఇది తెలిసిన పద్ధతే. నవ్వుతూ తిన్నవాళ్ళూ ఉన్నారు. అయితే మిగతావాళ్ళకు ఏదో ఒకరోజు తినడమే, రోజూ తప్పేది బ్లెస్సీ ఒక్కతే. బడికి వచ్చినన్నాళ్ళూ వరస రోజూ ఆమె దగ్గర ఆగేది.

భోజనాలయ్యాక రవిబాబుగారితో మాట్లాడాను. ఆయన మొహం ఎర్రబడింది. "నేను పిల్లల మీద చెయ్యెత్తనండి. ఇన్నేళ్ళలో ఒక్క కంప్లైంటు లేదు," అన్నారు. నిజమే. చట్టం కొట్టొద్దన్నదని తన చెయ్యి కట్టేసుకున్నారు, పిల్లల చేతులకు పని చెప్పారు. నాకు కోపం వచ్చింది. అంత కష్టపడే మనిషికి ఇది తట్టలేదే అని జాలీ వేసింది.

"మెమో ఇస్తారా మేడం?" అని అడిగారు. మెమో అంటే రాతపూర్వకంగా సంజాయిషీ అడగడం. అది ఫైల్లోకి పోతుంది, బ్లెస్సీ చేలోకి పోతుంది. ఆ మాటే ఆయనతో అన్నాను. సాయంత్రం ఆయనే మార్తమ్మ ఇంటికి వెళ్ళారు.

బ్లెస్సీ వచ్చిన రోజు ఆయన తరగతి ముందు నిలబడి, "మొట్టికాయలు పెట్టింది నేను. తప్పు నాది. ఇవాళ్టి నుంచి లేవు. జవాబు వచ్చినవాళ్ళు రానివాళ్ళ పక్కన కూర్చుని చెప్పాలి," అన్నారు. హర్షిత చేత అందరి ముందూ సారీ చెప్పించలేదు. వాళ్ళ నాన్నను పిలిపించి విడిగా మాట్లాడాం. అన్నం లైను దగ్గర మాలో ఒకరం నిలబడ్డాం. పెట్టెనూ పోస్టరునూ వరండాలో పిల్లల ఎత్తుకు దించాం.

కొన్నాళ్ళకు హర్షిత జ్వరం వచ్చి లేచి బడికొచ్చింది. పన్నెండో ఎక్కంలో తడబడింది. పక్కవాళ్ళ దగ్గర నేర్చుకున్న బ్లెస్సీ జవాబు చెప్పింది. నేను గుమ్మంలోనే ఉన్నాను. హర్షిత పాత పద్ధతి ప్రకారమే తల వంచింది. బ్లెస్సీ కూడా అలాగే లేచి, పిడికిలి బిగించి, ఆమె దగ్గరికి నడిచింది.

"ఏయనా సార్?" అని అడిగింది.

రవిబాబుగారు తల అడ్డంగా ఊపారు. బ్లెస్సీ చెయ్యి దించడానికి కొంచెం సమయం పట్టింది. తర్వాత హర్షితను జరగమని పక్కన కూర్చుంది.

పిల్లల్లో కొట్టేవాళ్ళు, తినేవాళ్ళు అని రెండు రకాలు ఉంటారని అంతవరకూ నేననుకునేదాన్ని. అవకాశం ఇస్తే బ్లెస్సీ కూడా వేసేదే. ఆ తర్వాత ఏ తరగతిలో పిల్లలు కొట్టుకున్నారని విన్నా, ఎవరు కొట్టారని అడిగే ముందు ఆ తరగతి గుమ్మంలో కాసేపు నిలబడి పాఠం వినేదాన్ని.